కోర్టు లేచేదాకా

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదటి వారంలో నేను సిద్దిపేట మేజిస్ట్రేట్ కోర్టులో రికార్డు సెక్షన్ బాధ్యతలు తీసుకున్నాను. హోదా సీనియర్ అసిస్టెంటు. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుంది. పైన సూపరింటెండెంటు, కింద ఒక అటెండరు, చుట్టూ బీరువాలు. రికార్డు గదిలో వేశారంటే పక్కన పెట్టేశారని అనుకోవడం మా శాఖలో రివాజు. నాకు మాత్రం ఆ గది నచ్చింది. అంతకుముందు పన్నెండేళ్ళు వేరే ఊళ్ళ కోర్టుల్లో బెంచి క్లర్కుగా మేజిస్ట్రేటు గారి ముందు నిలబడి కేసులు పిలిచి పిలిచి గొంతు అరిగిపోయింది. కాగితాలు ఎదురు మాట్లాడవు కదా అని సంతోషంగానే చేరాను.

కోర్టు వ్యవహారం తెలియనివారికి ఒక సంగతి ముందే చెప్పాలి. ట్రాఫిక్ జరిమానాలు రెండు రకాలు. హెల్మెట్ లేదనో, సిగ్నల్ దాటాడనో ఫోటోతో సహా వచ్చే చలానా మొదటిది. దాన్ని ఫోన్లోనో మీసేవలోనో కట్టేస్తే కోర్టు గడప తొక్కే పని లేదు. రెండోది ఠాణా నుంచి ఛార్జిషీటు రూపంలో మా దగ్గరికి వస్తుంది. తాగి బండి నడపడం ఇందులోదే. మనిషి స్వయంగా వచ్చి, మేజిస్ట్రేటు ముందు నిలబడి, నేరం ఒప్పుకుంటే అప్పటికప్పుడే శిక్ష వేస్తారు. జరిమానా కట్టి రసీదు తీసుకుని వెళ్ళిపోతాడు. ఇటువంటి చిన్న కేసులకు ఎస్.టి.సి. అనే వరసలో నంబరు పడుతుంది, అంటే క్లుప్తంగా విచారించి ముగించే కేసు. గడువు తీరాక ఆ కేసుల కట్టలను ధ్వంసం చేస్తారు. రిజిస్టరు మాత్రం ఉంచుతారు. నంబరు తెలిస్తే ఏ కేసైనా రెండు నిమిషాల్లో దొరుకుతుంది. నంబరు తెలియనివాళ్ళే నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవారు.

నేను చేరిన రెండో మంగళవారం అటువంటి దంపతులే వచ్చారు. నంగునూరు దగ్గరి పల్లె. అతని పేరు నర్సింలు, నలభైకి దగ్గరి వయసు, ట్రాక్టరు డ్రైవరు. ఆమె బాలమణి, మహిళా సంఘంలో లెక్కలు రాస్తుంది. అతను తలుపు దగ్గరే ఆగిపోతే ఆమె లోపలికి వచ్చి సంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. అన్నీ మీసేవ రసీదులు. తమ మోటారుసైకిలు మీద ఉన్న చలానాలన్నీ కట్టేశారట. ఇక కేసు పోయినట్టు కాగితం ఇమ్మంది. అవి వేరు, కోర్టు కేసు వేరు అని చెప్పేసరికి ఆమె ముఖం చిన్నబోయింది. భర్త వైపు తిరిగి, "మరి గిన్ని పైసలు ఎందుకు కట్టినం?" అంది. అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

వాళ్ళకొచ్చిన చిక్కు ఇదీ. వాళ్ళ గ్రామ పంచాయతీ ట్రాక్టరుకు డ్రైవరు కావాలి. ఊరి చెత్త ఎత్తడం, చెట్లకు నీళ్ళు పోయడం ఆ పని. నర్సింలు పేరు దాదాపు ఖాయమైంది. ఇంతలో ఆ పనికే ఆశపడిన ఇంకొకతను వెళ్ళి, నర్సింలు మీద కోర్టులో బండి కేసు ఉందని పంచాయతీ కార్యదర్శి చెవిన వేశాడు. కేసు ముగిసినట్టు కోర్టు కాగితం సోమవారంలోగా తెస్తే సరే, లేకపోతే రెండో అతన్ని తీసుకుంటామని కార్యదర్శి చెప్పాడు. ఈ పని తప్పిపోతే నర్సింలు బావమరిదితో కలిసి ముంబై దగ్గరి భీవండికి పోవాల్సిందే. గోదాముల్లో లారీ నడిపే పని అక్కడ సిద్ధంగా ఉంది. బాలమణికి అది ఇష్టం లేదు.

కేసు వెతకడానికి అడగాల్సిన ప్రశ్నలు వరసగా రాసుకున్న చీటీ తీసి మొదలుపెట్టాను. ఏ కేసు? ఓవర్‌లోడ్ అన్నాడు. ట్రాలీలో కూలీలను ఎక్కించుకున్నందుకు పట్టుకున్నారట. తాగిన కేసు కాదు కదా అని అడిగాను. అతనికంటే ముందు బాలమణే జవాబిచ్చింది.

"మాయన తాగుడు ఎరుగడు సార్. ఊళ్ళె ఎవ్వరినన్న అడుగున్రి."

"తాగలే సార్," అన్నాడు నర్సింలు. "జుర్మానా గీడనే కట్టిన. రసీదే పోయింది."

తారీఖు గుర్తు లేదన్నాడు. పోలీసులు పట్టుకున్నది తమ బిడ్డ శ్రావణి పుట్టిన ఏడాదే అయి ఉంటుందని బాలమణి అంది. వాళ్ళు నా దగ్గరికొచ్చేనాటికి పాపకు ఏడేళ్ళు. అంటే ఏ సంవత్సరపు రిజిస్టరో తెలిసింది, అంతవరకూ నయం.

ఆ ఏళ్ళ చిన్న కేసులన్నీ ఇంకా కంప్యూటరు ఎక్కలేదు. ఎక్కినవాటిలో పేరుతో వెతికితే నర్సింలులు ఒక పేజీ నిండా వచ్చారు. కొమురవెల్లి మల్లన్ననూ యాదగిరి నర్సన్ననూ కొలిచే ఈ ప్రాంతంలో నర్సింలు, తండ్రి మల్లయ్య అని బస్టాండులో నిలబడి పిలిస్తే ముగ్గురు తిరిగి చూస్తారు. కాబట్టి చేతి రిజిస్టరే గతి. దాన్ని ముందేసుకుని ఓవర్‌లోడ్ సెక్షన్ ఉన్న పద్దులన్నీ వేలు పెట్టి చదివాను. మంగళవారం సాయంత్రం, బుధవారం పూర్తిగా అదే పని. నర్సింలులు తగిలారు. ఒకడి తండ్రి వేరు, ఇంకొకడి ఊరు వేరు, మరొకడిది లారీ. నాకు చిరాకెత్తింది. అతను కట్టానన్నది అబద్ధమేమోనని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటే తప్పేముంది, ఆ రెండు రోజులూ నేను వెతికింది అతను చెప్పిన కేసును, అతని కేసును కాదు.

గురువారం నర్సింలు ఒక్కడే వచ్చాడు. బాలమణి పత్తి చేనులో గింజలు పెట్టించడానికి పోయిందట. దొరకలేదని చెప్పి పంపేద్దామనుకున్నాను గానీ, అతను గోడకు ఆనుకుని నిలబడిన తీరు చూసి కూర్చోమన్నాను. అటెండరు చేత టీ తెప్పించాను. అప్పుడు నాకు మా మొదటి రికార్డు కీపరు గుర్తొచ్చాడు. నేను ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఆయన అనేవాడు, "తారీఖు అడగకు, తిండి అడుగు. ఏ దినమో మరిచిపోతడు గని ఏం తిన్నడో మరువడు" అని. ముప్పై ఏళ్ళుగా ఆ మాట తలుచుకుని నవ్వుకోవడమే తప్ప వాడింది లేదు.

ఆ రోజు కోర్టుకొచ్చి ఏం తిన్నావని అడిగాను.

"ఏం తినలే సార్," అన్నాడు. "యాడికి పోనిచ్చిన్రు? పొద్దుగూకేదాక బల్ల మీదనే కూసుండవెట్టిరి. ఫోను సుత బందు చేయించిన్రు."

నా చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఓవర్‌లోడ్ కేసులో ఎవరూ సాయంత్రం దాకా కూర్చోరు. జరిమానా కట్టిన మరుక్షణం వెళ్ళిపోతారు. కోర్టు లేచేదాకా కూర్చోవడం అన్నది ఒక శిక్ష. మేజిస్ట్రేటు ఆ రోజు పని ముగించి బెంచి దిగేదాకా ముద్దాయి కోర్టు హాలు దాటకూడదు. జైలుకు పంపకుండా వేసే జైలు శిక్ష అన్నమాట. అప్పట్లో ట్రాఫిక్ కేసుల్లో దాన్ని సాధారణంగా ఒక్క సెక్షన్ కిందే వేసేవారు. నూట ఎనభై అయిదు. తాగి బండి నడపడం.

ఆ మాటే అతనితో అన్నాను. తాగలేదన్నావు గదా అని కూడా అన్నాను. నర్సింలు టీ గ్లాసు కింద పెట్టి, "కల్లు సార్," అన్నాడు. "బావమరిది ఇంట్ల దావతయింది. రెండు సీసలు తాగిన. కల్లు గూడ తాగుడైతదా?"

అతను వేళాకోళం ఆడటం లేదు. మా ప్రాంతంలో చాలామంది లెక్క అదే. సారా, బ్రాందీ తాగుడు. కల్లు చెట్టు నుంచి వచ్చేది, తాతల నాటిది, పిల్లకు జలుబు చేస్తే కూడా చెంచాడు పోస్తారు. ఊపిరి ఊది చూసే మిషనుకు ఈ తేడా తెలియదు. బాలమణి కూడా అబద్ధం చెప్పలేదు. ఊళ్ళో ఎవరినడిగినా అతను తాగడనే చెబుతారు.

ఇక తారీఖు దొరికితే చాలు, సెక్షన్ పట్టుకుని పోవచ్చు. కనీసం ఏ నెలో చెప్పమన్నాను. నర్సింలు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"తారీకు నాకు ఎరుకే సార్. మరుస్తనా? గా దినమే మా బిడ్డ పుట్టింది."

అప్పుడు అసలు కథ బయటికొచ్చింది. బాలమణి కాన్పుకు కొండపాకలోని పుట్టింట్లో ఉంది. ఇంకా పది రోజుల గడువుందన్నారు. అందుకే అతను ఎవరికీ చెప్పకుండా వాయిదాకు వచ్చాడు. మధ్యాహ్నం ఆమెకు నొప్పులొస్తే ఇదే సిద్దిపేట దవాఖానకు తెచ్చారు. కోర్టుకూ దవాఖానకూ నడిచిపోయేంత దూరం. అతను బల్ల మీద కూర్చుని ఉన్నాడు, ఫోను మూగబోయి జేబులో ఉంది. కోర్టు లేచాక ఫోను తెరిచి పరుగెత్తేసరికి బిడ్డ పుట్టేసింది. ఎక్కడికి పోయావని అందరూ అడిగితే గజ్వేల్ మార్కెట్టుకు టమాట లోడు తీసుకుపోయానన్నాడు. రసీదు చింపి మోరీలో పడేశాడు. ఆ తర్వాత ఏటా పాప పుట్టినరోజుకు బాలమణి ఆ టమాటలను తలుచుకుని అతన్ని దెప్పుతూనే ఉందట.

సెక్షనూ తారీఖూ తెలిశాక పద్దు దొరకడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. నర్సింలు, తండ్రి మల్లయ్య, నేరం ఒప్పుకోలు, జరిమానా, కోర్టు లేచేదాకా సాధారణ జైలు, జరిమానా చెల్లించబడినది, రసీదు నంబరు. తారీఖు వారీగా ఉండే జరిమానా రిజిస్టరులో ఆ నంబరు సరిచూసుకున్నాను. కేసు ఎప్పుడో ముగిసింది. కేసు కట్టను ధ్వంసం చేశారు గనుక ఈ పద్దుకే ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి. దానికి అతను దరఖాస్తు పెట్టి స్టాంపులు కట్టాలి.

నర్సింలు పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. నకలులో సెక్షన్, తారీఖు లేకుండా రాయడం కుదురుతుందా అని అడిగాడు. కుదరదన్నాను. నకలంటే అక్షరం పోకుండా దించాలి, ఒక్క గడి వదిలినా అది నకలు కాదు, నా ఉద్యోగం కూడా ఉండదు. పంచాయతీవాళ్ళు చూస్తే పరవాలేదట. కాగితం ముందు పడేది బాలమణి చేతిలో, ఆమె ప్రతి అక్షరం చదువుతుంది. అతను వరండాలోకి పోయి చాలాసేపు నిలబడ్డాడు. మనిషి తేల్చుకోవాల్సింది తేల్చుకోనీ అని నేను వేరే ఫైలు తెరిచాను. పావుగంట తర్వాత వచ్చి, "భీవండి కంటె ఆమెతోటి మాటలు పడుడే నయం," అని సంతకం పెట్టాడు.

శుక్రవారం నకలు తయారైంది. సూపరింటెండెంటు గారి సంతకం, గుండ్రటి సీలు పడ్డాయి. శనివారం ఇద్దరూ వచ్చారు. నేను కావాలనే నకలును నర్సింలు చేతికే ఇచ్చాను. అతను దాన్ని చూడనైనా చూడకుండా బాలమణికి ఇచ్చేశాడు. ఆమె నిలబడే చదివింది. పైనుంచి కిందికి ఒకసారి, మళ్ళీ పైకి పోయి తారీఖు దగ్గర ఒకసారి. నేను కలం మూత పెట్టి తీసి, పెట్టి తీసి కూర్చున్నాను.

"కోర్టు ఎన్నిటికి లేస్తది సార్?" అని నన్ను అడిగింది.

మామూలుగా అయిదు దాటాక అన్నాను.

"బిడ్డ నాలుగున్నరకు పుట్టింది," అంది. తర్వాత భర్త వైపు తిరిగింది. "జడ్జి సారుకు చెప్తె పంపకపోవునా?"

"నాకు ఎరుకైతె గద చెప్పెటానికి. ఫోను బందుండె."

"లేచినంకనన్న నాకు చెప్పకపోతివి. ఏడేండ్ల సంది టమాటలను తిట్టుకుంట ఉన్న."

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మీసేవ రసీదులతో కలపకుండా వేరే అరలో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ, "గింత దగ్గరనే ఉన్నవా," అంది. ఆ గొంతులో కోపం కంటే ఊరటే ఎక్కువగా వినిపించింది. నాకు ఆ రోజు మధ్యాహ్నం భోజనం మామూలు కంటే ఎక్కువే రుచించింది.

సోమవారం పంచాయతీలో ఆ కాగితం చెల్లింది. సెక్షన్ చూసి సర్పంచు, "కల్లుకేనా?" అన్నాడట. కేసు పెండింగులో లేదని రాసుకుని నర్సింలును తీసుకున్నారు. తర్వాత ఒకసారి కోర్టు పని మీద నంగునూరు వైపు పోతుంటే అతను ఎదురొచ్చి ట్రాక్టరు ఆపాడు. కల్లు మానేశావా అని అడిగాను. బండి ఉన్న దినం తాగనన్నాడు. బండి ఇప్పుడు రోజూ ఉంటుంది.

ఆ వారం తర్వాత నా చీటీలో ఒక మార్పు చేశాను. మొదటి ప్రశ్నగా "ఏ కేసు" అని ఉండేది. దాన్ని రెండో వరసకు దించి, పైన "ఆ రోజు కోర్టులో ఎంతసేపు ఉన్నారు" అని రాశాను. చేసిన తప్పు పేరును మనిషి తనకు అనుకూలంగా మార్చి చెబుతాడు, ఒక్కోసారి నిజమని నమ్మే చెబుతాడు. కూర్చున్న సమయాన్ని మార్చి చెప్పాలని ఎవరికీ తోచదు. రిటైరయ్యేదాకా ఆ చీటీతోనే పని చేశాను, ఆ తర్వాత నేను వెతికిన కేసు మళ్ళీ రెండో రోజుకు పోలేదు.