ఉత్తరపు తలుపు

మా చర్చి కట్టించిన ఇంగ్లీషు దొర, సీమలో తన సొంతూరి పాత గుడిని మనసులో పెట్టుకుని కట్టించాడని చెప్పేవారు. ఆ గుడి ఎన్నో వందల ఏళ్ల కిందటిదట. రాజోలుకీ దిండికీ మధ్య, కొబ్బరితోటల్లో, మూరెడు మందం గోడలు, కోసుగా లేచిన కమానులు, గంట కోసం నలుచదరపు బురుజు ఎవరికి కావాలి? దొరకి కావాలి. రాయి దొరకని నేల కాబట్టి ఇటుక, సున్నం, బెల్లపునీళ్లతో కానిచ్చాడు. గుమ్మం పక్కన ఉండే రాతి బాప్తిస్మపు తొట్టి మాత్రం కాలవలో పడవ మీద వచ్చింది. ఒండ్రుమట్టి మీద అంత బరువు పెడితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఉత్తరపు గోడకి ఒక చిన్న తలుపు కూడా పెట్టించాడు. వాళ్ల గుళ్లలో పూర్వం బిడ్డకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆ తలుపు తీసి ఉంచేవారట, బిడ్డలోని సాతాను ఆ దారిన బయటికి పోవాలని. దొర నమ్మి చెప్పాడో, కబుర్లకి చెప్పాడో తెలీదు. మావాళ్లు మాత్రం గట్టిగా పట్టుకున్నారు. అక్కడివాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు గానీ మా ఊళ్లో ఆ తలుపు తియ్యకుండా ఒక్క బిడ్డకీ బాప్తిస్మం జరగలేదు. పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో ఇది విని నవ్వాను. హైస్కూల్లో ఫిజిక్సు చెప్పేదాన్ని, నవ్వక ఏం చేస్తాను? మా అత్తగారు నవ్వలేదు.

రెండువేల సంవత్సరం దాటాక నాకు కూతురు పుట్టింది. కువైట్ నుంచి మా ఆయన సెలవు మీద రాగానే బాప్తిస్మం అనుకున్నాం. ముందు వారం చర్చికి వెల్ల వెయ్యడానికి వచ్చిన తాపీమేస్త్రి నన్ను పిలిచి, ఉత్తరపు తలుపు మీది కమాను చూపించాడు. నడిమధ్య వేలు దూరేంత బీట.

"కమాను దిగిపోయిందండీ టీచరుగారూ. గోడ బరువంతా ఈ తలుపు చెక్కలే మోస్తన్నాయండి. కదపకపోతే కొన్నాళ్లు ఆగుద్ది. తీసేరంటే మాత్రం నన్నడగొద్దండి."

ఆ గోడ వారనే ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లో వేసుకుని కూర్చుంటారు. పరుగున వెళ్లి పాస్టరుగారికీ సంఘ పెద్దలకీ కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాను. ఈసారికి తలుపు తియ్యొద్దని, కోతలయ్యాక గోడ బాగు చేయిద్దామని ఒప్పుకున్నారు. మా అత్తగారు ఒప్పుకోలేదు.

"తలుపు తియ్యకపోతే ఎలాగమ్మా? బిడ్డలో ఉన్నది బిడ్డలోనే ఉండిపోదూ?"

"గోడ పడితే అసలు బిడ్డే ఉండదండి," అన్నాను.

అనకూడని మాట. ఆవిడ ముఖం పాలిపోయింది. తలుపు మూసి ఉండగానే బాప్తిస్మం అయిపోయింది.

మా ఆయన కువైట్ వెళ్లిన నాలుగో రోజున బిడ్డకి జ్వరం తగిలింది. రాజోలు డాక్టరు మందిచ్చాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ కాగిపోయేది. పాలు తాగేది కాదు. ఏడుస్తూ ఏడుస్తూ ఉన్నట్టుండి ఆగి, గది మూల వంకే చూసేది. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసీ ఆ మూలకి వీపు పెట్టలేకపోయేదాన్ని. అత్తగారు తడిగుడ్డ వేస్తూ ఉండేవారు గానీ నన్ను ఒక్క మాట అనేవారు కాదు. తిట్టినా బాగుండేది.

గురువారం మధ్యాహ్నం బిడ్డని భుజాన వేసుకుని చర్చికి వెళ్లాను. ఎవరూ లేరు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నా సంగతి అదే. ఉత్తరపు తలుపు గడియ బిగుసుకుపోయి ఉంది. ఇటుకముక్క తీసుకుని ఒక చేత్తో కొట్టాను, కొట్టాను. చివరికి రెక్క కిర్రుమని రెండు వేళ్ల సందు ఇచ్చింది. పైన గోడలో ఏదో మూలిగింది. బిడ్డ నెత్తి మీద సున్నం రాలింది. భయంతో తలుపు వెనక్కి లాగబోతే అంగుళం కదల్లేదు. తలుపుకి ఎప్పుడూ ఉండే తెర అడ్డంగా లాగి, పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఇంటికి వచ్చేశాను.

శనివారం జ్వరం దిగింది. మందువల్లే దిగిందని ఇప్పటికీ నా వాదన. కానీ ఆ మూడు రోజులూ గోడ ఎప్పుడు పడుతుందా అని చెవులు అటే పెట్టుకుని ఉన్నాను. చెబితే, ఇంతమందిని ఆపి తనే వెళ్లి తీసిందని ఊరంతా నవ్వుతుందని సిగ్గు.

ఆదివారం బిడ్డని పక్కింట్లో వదిలి చర్చికి వెళ్లాను. గోడ వారన చాపల మీద ఎప్పటిలాగే ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు, తెర పక్కనే మా అత్తగారు. నా బిడ్డని మాత్రం దాచుకుని వచ్చానని అప్పుడు తెలిసింది నాకు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే లేచి నిలబడ్డాను.

"అందరూ ఆ గోడ దగ్గర్నుంచి లేవండి. తలుపు నేనే తీసేనండి."

తెర పక్కకి లాగి చూపించాను. పిల్లల్ని చంకనేసుకుని తోసుకుంటూ అంతా బయటికి పరిగెత్తారు. అత్తగారు మాత్రం కదల్లేదు.

"తీసేవా?"

"ఆయ్, తీసేనండి. గురువారం. లేవండి అత్తయ్యగారూ."

"అప్పుడు బిడ్డ నీ భుజాన్నే ఉందా?"

"ఉందండి. లేవండి."

కోప్పడతారనుకున్నాను. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "అయితే ఇంక భయం లేదమ్మా," అంటూ ఆ గోడకే జారగిలబడ్డారు. పైనుంచి ఆవిడ జుట్టు మీద సున్నం రాలుతూనే ఉంది.

గోడ మర్నాడు పడింది, కింద ఎవరూ లేరు. ఆ ఆదివారం మాత్రం, చంకల కింద చేతులేసి గుమ్మం దాకా ఆవిడని నేను ఈడుస్తున్నంతసేపూ, ఆవిడ నన్ను దీవిస్తూనే ఉన్నారు.