లోపలి నుంచి పడ్డ సొట్ట

మా చిన్నప్పుడు... బెల్లంపల్లిలో ఒక ఎండాకాలం పొద్దున. మేం అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అవ్వ వాకిట్లో పేడనీళ్ల సానిపి చల్లి ముగ్గేసింది. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. నేను గోలెంలో నీళ్లు నింపుతున్నాను. వెనుక షెడ్డులో బాపు సుత్తె చప్పుడు... టక్, టక్, టక్. మా ఇంట్లో తెల్లవారిందంటే ఆ చప్పుడే గుర్తు.

బాపు కార్లకు రేకుపని చేసే మేస్త్రీ. ఊళ్లోవాళ్ల బండ్లకు పడ్డ సొట్టలు తీసేవాడు. తనకూ ఒక కారు ఉండాలని కోరిక. కొనలేక తానే చేసుకున్నాడు. పాడైపోయిన పాత అంబాసిడర్లు ఎక్కడున్నా వెతికి, ఒకదాని ఇంజను, ఇంకోదాని డిక్కీ, వేరేదాని తలుపులు తెచ్చి... ఏళ్ల తరబడి అతికించాడు.

రంగు వేసింది ఖాజా చాచా, బాపు దోస్తు. "గిది కారు కాదు మేస్త్రీ, బొంత" అని నవ్వేవాడు.

"బొంతల ఉన్న వెచ్చదనం నీ కొత్త దుప్పట్ల ఉంటదా?" అనేవాడు బాపు.

ఎడమవైపు వెనుక తలుపు అన్నిటికన్నా చివర దొరికింది. ఆసిఫాబాద్ దారిలో బోల్తా పడిన కారుదట. తుక్కు అమ్మేవాడు అంతకుమించి చెప్పలేదు. ఆకుపచ్చ రంగు. మధ్యలో అరచేయంత సొట్ట.

మా దగ్గరి మేస్త్రీలకు ఒక పద్ధతి ఉండేది. మనిషి పోయిన బండి సామానైతే పసుపునీళ్లు చల్లి, ఒక రాత్రి ఆరుబయట పెట్టి, ఆ తర్వాతే సుత్తె పట్టేవారు. ఆ తలుపుకు బాపు అది చేయలేదు. ఎవరూ పోలేదనుకున్నాడు.

సొట్ట తీయాలంటే రేకును లోపలివైపు నుంచి కొట్టాలి. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నదే. ఆ తలుపును మాత్రం బాపు బయటి నుంచి కొడుతున్నాడు.

"బాపూ, ఎప్పుడు లోపల్నుంచి కొడ్తవ్ గద?"

సుత్తె ఆగింది. "గిది లోపల్నుంచే పడ్డ సొట్ట బిడ్డా" అన్నాడు. ఖాళీ చెంబు నా చేతికిచ్చి, "పో, జర నీళ్లు తే" అన్నాడు.

నీళ్లు తెచ్చేలోపు నాకు అర్థమైంది. లోపల ఎవరో తలుపును బాదారు... మళ్లీ అడగలేదు.

సొట్ట చదునయింది. చాచా నల్లరంగు వేశాడు. కొన్నాళ్లకు అదే చోట రేకు మళ్లీ ఉబ్బింది, బయటికి. బాపు మళ్లీ కొట్టాడు. మళ్లీ ఉబ్బింది.

"రేకు సాగింది, గంతే. ఎండకు లేస్తది" అన్నాడు బాపు.

"నీడల ఉన్నప్పుడు గూడ లేస్తది గద మేస్త్రీ?"

"నీ రంగు మంచిది కాదు తియ్!"

చాచా ఆ రోజు నవ్వలేదు.

ఇక నేను చెబుతున్న ఆ పొద్దున... మర్నాడు కారుకు పూజ చేయించడానికి అందరం కొండగట్టు గుడికి పోవాలి. కారును తెచ్చి ఇంటి ముందు పెట్టాడు బాపు. తుప్పు వదలడానికి లోపలి హ్యాండిళ్లన్నీ ఊడదీసి కిరసనాయిల్‌లో నానబెట్టాడు. దుమ్ము లోపలికి పోకుండా అద్దాలు పైకెత్తి ఉన్నాయి.

మా చెల్లె సుజ్జి అప్పటికి చిన్నపిల్ల. పక్కింట్లో ఆడుకుంటోందనుకున్నాం. ఎండ ముదిరింది. బాపు షెడ్డులో ఎవరిదో మడ్‌గార్డు కొడుతున్నాడు. టక్, టక్, టక్...

అన్నం వేళకు బాపు లోపలికొచ్చాడు. కాళ్లు కడుక్కుంటున్నాడు. అవ్వ కంచం పెట్టింది. చప్పుడు మాత్రం ఆగలేదు.

టక్... టక్... టక్...

అవ్వ నా వైపు చూసింది. నేను బాపు వైపు చూశాను. ఆయన చేతిలో చెంబు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు ఎప్పటి నుంచి వస్తోందో... సుత్తె చప్పుడులో కలిసిపోయి ఉంటుంది.

బాపు వాకిట్లోకి ఉరికాడు. చప్పుడు వస్తున్న ఆ ఎడమ తలుపు లాగాడు. లోపలి నుంచి పొయ్యి సెగలా వేడి. సుజ్జి అటు చివర, కుడి తలుపు దగ్గర కింద పడి ఉంది. ముఖం కందిపోయి, చెమటలో తడిసి, సోయి లేకుండా...

అరుగు మీద పడుకోబెట్టి గోలెం నీళ్లతో ఒళ్లంతా తడిపాం. అది కళ్లు తెరిచేదాకా నేను దేవుణ్ని ఏమని మొక్కానో నాకే గుర్తు లేదు.

"తలుపు కొట్టి మంచి పని చేసినవ్ నా తల్లీ" అని ఏడ్చింది అవ్వ.

"నేను కొట్టలే అవ్వా. ఆడుకోనీకి ఎక్కిన, మళ్ల తలుపు రాలే. నాకు నిద్రొచ్చింది" అన్నది సుజ్జి.

బాపు వెళ్లి తలుపు చూశాడు. రేకు ఎన్నడూ లేనంత ఉబ్బి ఉంది. నల్లరంగు పగిలి, కింది ఆకుపచ్చ కనబడుతోంది.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. చాచా కూడా వచ్చాడు. సుజ్జి అవ్వ ఒళ్లో నిద్రపోతోంది.

"గా తలుపు ఊడవీకి తుక్కుల ఏస్త" అన్నాడు బాపు.

"ఎట్ల ఏస్తవ్?" అన్నది అవ్వ నెమ్మదిగా. "గప్పుడు లోపల ఇరికిన మనిషి కొడితే ఎవ్వరు ఇనలే. ఇయ్యాల గా మనిషే మన బిడ్డ కోసం కొట్టింది."

"ఎండకు రేకు టక్కుమంటది..."

"నువ్వు గట్లనే అనుకో."

చాచా తల వంచుకుని, "మేస్త్రీ, భాభీ మాట ఇను" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అనుకున్నది ఇది. తలుపుకు పసుపునీళ్లు చల్లాలి. ఆ సొట్టను ఇక కొట్టవద్దు. ఆ తలుపు పక్కన ఎవరూ కూర్చోవద్దు. ఎక్కడికి పోయినా, బండి ఆగగానే ముందు ఆ తలుపు తెరవాలి... కాసేపు ఆగి, అప్పుడు మేం దిగాలి.

కారు ఉన్నన్నాళ్లూ అలాగే చేశాం. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టి, పేరు తెలియని ఆ మనిషిని కూడా తలుచుకుంటాను.

మీ ఇంట్లోనూ మీవాళ్లు సొంతంగా చేసుకున్న బండి ఉండేదా? అందులో ఎవరికైనా చోటు వదిలేవారా? ఉంటే చెప్పండి...

ఇప్పుడు కారుకు సొట్ట పడితే తలుపే మార్చేస్తున్నారు. అది ఎటువైపు నుంచి పడిందో ఎవరూ చూడరు...