గాలి దూరని చామంతి మాల

మా ఆయనకు నాకంటే ముందు ఆ ఇంజన్‌తోనే సంబంధం కుదిరింది. తొంభైల చివర్లో పెళ్లయి నేను యలహంకలోని వాళ్లింటికి వచ్చేసరికి అది పెరట్లో రేకుల షెడ్డు కింద, పాత లుంగీల మీద ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. పగలు ఆఫీసు, సాయంత్రం షెడ్డు. అన్నానికి పిలిస్తే గ్రీజు చేతులు చూపించి కాసేపాగమనేవారు. పెళ్లిచూపుల్లో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను నమ్మేదాన్ని కాదేమో, ఒక మనిషి ఇనుమును అంత ప్రేమగా అరగదీస్తాడని.

చూడ్డానికి పాత పెట్టెలాంటి కారే. లోపలున్నది మాత్రం రేసుల కోసం ఆయన చేత్తో తయారు చేసుకున్న ఇంజన్. అది కక్కే వేడీ మామూలుది కాదు. అందుకని ముందు గాలి దూరే జాలీ వెనక, నీళ్లు చల్లబడటానికి పెద్ద రేడియేటర్ పెట్టారు. ఇంజన్ ఆయిల్ చల్లబడటానికి పక్కనే ఇంకో చిన్నది. బరువు తగ్గించాలని పెద్ద ఫ్యాను పీకేసి నామమాత్రంగా ఒక చిన్న ఫ్యాను బిగించారు. పరుగెత్తినంతసేపూ ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుందని, నిలబెడితేనే ప్రమాదమని నాకు అర్థమయ్యేలా చెప్పారు. పరుగెత్తితే మనకు చెమట, నిలబడితే దీనికా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఇంజన్ విషయంలో ఆయనకు వేళాకోళం పనికిరాదు.

మా అత్తగారిది పాత బెంగళూరు తెలుగు కుటుంబం. పుట్టింటివాళ్లకు మార్కెట్లో పూలకొట్టు ఉండేది. రెండు పూల మధ్య దారం కనిపిస్తే అది మాలే కాదని ఆమె ఉద్దేశం. ఆమె కట్టిన మాలలో చీమ కూడా దారి వెతుక్కోవాలి. వీధిలో ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికొడుకు దండ ఆమే కట్టాలి.

ఆ కారంటే ఆమెకు చచ్చేంత భయం. మా పెళ్లయిన కొత్తల్లో ఒకసారి రేసులో కారు పల్టీ కొట్టి ఆయన భుజం ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆమె కొడుకు కాలి బొటనవేలు పట్టుకుని కూర్చున్నారు. మామగారు పోయాక ఆమెకు ఉన్నది ఈ కొడుకొక్కడే. ఆ తర్వాత చాన్నాళ్లు షెడ్డుకు తాళం పడింది. తాళం మళ్లీ ఎప్పుడు తీశారో, ఇంజన్ పని ఎప్పుడు మొదలుపెట్టారో ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడుకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, చెన్నై దగ్గరి ట్రాక్ మీద జరిగే పెద్ద రేసుకు ఆయన పేరు ఖాయమైంది. రేసు దసరా తర్వాతి ఆదివారం. వయసు మీద పడుతోంది, మళ్లీ ఇలాంటి పిలుపు రాదని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అత్తగారు వద్దనలేదు. ఒక్కటే అడిగారు. ఆయుధపూజ నాడు ఆ కారే, తను కట్టిన మాలతో, బెంగళూరు పాతపేటలోని అమ్మవారి గుడిదాకా రావాలి. అమ్మవారు చూసేదాకా మాల తియ్యకూడదు. అలా మొక్కుకున్నారట. ఆయన వెంటనే సరేనన్నారు. తల్లి నోట వెళ్లిరా అన్న మాట వినడానికి ఆయన దేనికైనా ఒప్పుకునేవారు.

పూజ నాడు పొద్దున కారుకు రెండు పక్కలా అరటి పిలకలు కట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. అత్తగారు తెల్లవారకముందే లేచి కట్టిన చామంతి మాలను తెచ్చి, జాలీ మొత్తం మూసుకుపోయేలా వరసలు వరసలుగా చుట్టారు. ఆయన వంగి, పూల మధ్య వేలు దూరుతుందేమో చూశారు. మాల కాస్త పైకి, బానెట్ మీద వేద్దామన్నారు.

"మొగానికి కదప్పా దిష్టి తగిలేది. నెత్తికా?" అన్నారు ఆమె.

ముక్కు మూసి పరుగెత్తమంటే ఎట్లమ్మా అని ఆయన నవ్వుతూ అన్నారు. ఆమె కూడా నవ్వి ఇంకో ముడి వేశారు. నవ్వుతూ చెప్పిన మాట ఎవరికి తలకెక్కుతుంది? నేను కూడా నవ్వాను.

హెబ్బాళ దగ్గర అప్పుడు ఫ్లైఓవర్ కడుతున్నారు. రెండువైపులా రేకుల గోడలు, మధ్యలో ఎత్తెక్కే ఇరుకు దారి. పండగకు ముస్తాబైన లారీలు, ఆటోలు, బస్సులు అన్నీ అక్కడే ఇరుక్కున్నాయి. మేమూ ఇరుక్కున్నాం. కారు నిలబడింది, ఇంజన్ వేడి చూపించే ముల్లు కదిలింది. ఆయన అద్దాలన్నీ దించి హీటర్ పూర్తిగా తిప్పారు. ఇంజన్ వేడిని కొంతైనా మా మీదికి లాగెయ్యాలని. వెనక సీట్లో పట్టుచీర కట్టుకుని, హారతి పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అత్తగారు చెమటతో తడిసిపోయారు. ఇదేమప్పా ఇంత ఉడుకు అంటే కొంచెం ఓర్చుకోమన్నారు. ముల్లు ఆగలేదు. ఇంజన్ ఆపేశారు. ఆపినా నీళ్లు తిరగక లోపలి వేడి లోపలే ఉంటుందని ఆయన చెప్పిందే నాకు గుర్తుంది. నడిపినా కాలుతుంది, ఆపినా కాలుతుంది. తోద్దామని దిగాం. ఆ ఎత్తు మీద మా ఇద్దరి బలానికి అది కొంచెం కదిలి మళ్లీ వెనక్కి వచ్చింది. వెనక హారన్లు. ఒక పోలీసు వచ్చి బానెట్ మీద లాఠీతో తట్టి స్టార్ట్ చెయ్యమన్నాడు. స్టార్ట్ చేశారు.

పక్క ఆటో డ్రైవర్ నీళ్ల సీసా ఇచ్చాడు. కాలుతున్న ఇంజన్ మీద చల్లనీళ్లు పోస్తే పగులుతుందట, మూత తీస్తే మొహం కాలుతుందట. సీసా చేతిలో పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను. అప్పుడు నా కళ్లు జాలీ మీద పడ్డాయి. బెత్తెడు మందాన చామంతులు, వేడికి వాడి గోధుమరంగు తిరుగుతున్నాయి. నాకు ఒళ్లు మండింది. ఒక్క మాల. తీసి పక్కన పెడితే చిన్న ఫ్యానుకైనా ఇంత గాలి అందుతుంది. వెళ్లి ముడి పట్టుకున్నాను. ఆయన కారులోంచి దిగి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు.

"వద్దు. అమ్మ చూస్తా ఉండాది."

వెనక్కి తిరిగి చూశాను. కారు ముందు అద్దంలోంచి అత్తగారు మా చేతుల వైపే చూస్తున్నారు. ఆసుపత్రిలో చూసిన మొహం అది. ముడి వదిలేశాను. ఆయన వెళ్లి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. ఒక మనిషిని నేను అంత కోపంతో, అంత జాలితో మళ్లీ ఎప్పుడూ చూడలేదు. ఏదీ ఆయన చేతిలో లేదు, నా చేతిలో అసలే లేదు. కాసేపటికి లోపల టప్పుమంది. తియ్యటి వాసనతో తెల్లటి పొగ లేచి పూలలోంచి బయటికి వచ్చింది.

అత్తగారు మాత్రం మొక్కు మానలేదు. ఒక టెంపో వెనక తాడుతో కట్టించి, చచ్చిన కారును గుడిదాకా లాగించారు. పూజారి మాలకు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. ఆయన చేతులు జోడించి నిలబడ్డారు. ఇంటికొచ్చాక విప్పి చూస్తే నీళ్లు కలిసి ఆయిల్ మజ్జిగలా తెల్లబడి ఉంది. ఇంజన్ పైన హెడ్ వంగిపోయింది, కింద బ్లాక్ పగిలింది. ఆదివారానికి కాదు కదా, ఆ ఏడాదిలో కూడా అది లేవదన్నారు.

పరామర్శకు వచ్చినవాళ్లందరికీ అత్తగారు ఒకటే చెప్పారు. ఇది ఆ రేసులో అంత జోరు మీద పేలి ఉంటే ఏమయ్యుండును, అమ్మవారు ఇంజన్ తీసుకుని కొడుకును ఇచ్చిందని. ఆయన అవునమ్మా అన్నారు. మాల సంగతి ఎత్తలేదు. ఎత్తమని నేనూ అనలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం, అక్కడ రేసు మొదలయ్యే వేళకు, ఆయన షెడ్డు గడప మీద కూర్చుని గుడ్డతో ఒక పిస్టన్ తుడుస్తున్నారు. అది అప్పటికే తళతళలాడుతోంది. నేను పక్కన కూర్చున్నాను. లోపల చాప మీద నడుం వాల్చిన అత్తగారు పిలిచారు.

"ఎక్కడుండావప్పా?"

ఆయన పిస్టన్ కింద పెట్టారు.

"ఇంట్లోనే ఉండానమ్మా."

కాసేపటికి లోపలి నుంచి గురక వినిపించింది. రేసు తేదీ తెలిసిన నాటినుంచి మా ఇంట్లో ఎవరూ విననిది. ఆయన లేచి, చప్పుడు కాకుండా షెడ్డు తలుపు దగ్గరగా వేశారు.