ఐదాకుల చెట్టు మీద నా పగ

ఇన్నేళ్లుగా నా మాట ఎవరూ వినిపించుకోలేదు. ఒకే ఒక్కసారి విన్నారు, నా కొంప మునిగింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. చివర్లో నేనడిగేదానికి మాత్రం జవాబు కావాలి.

మాది మైదుకూరు దాటాక నల్లమల కింద పల్లె. పక్క చేను ఖాసీం సాబుది. వాళ్లమ్మాయి పెళ్లి బిర్యానీలో నా పళ్లెంలోకి ఒట్టి ఎముక వచ్చింది. ఊరు మరిచిపోయింది, నేను మరవలేదు. ఒకరోజు ఖాసీం తన గట్టు మీది చెట్టుకు ఒక కొమ్మ నరికితే, తెగినచోట నెత్తురులాంటి బంక కారింది. చెట్టునిండా పసుపు పూలు. ఇంకేం, ఎర్రచందనమే. అంతరించిపోతున్న చెట్టును పట్టపగలు నరికాడని అటవీశాఖకు అర్జీ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఇంకొకటి పెట్టాను. కొండకు చెప్పుకున్నా తిరిగి పలికేది.

మూడో అర్జీకి జీపు వస్తోందని కబురొచ్చింది. ఆలోగా ఖాసీం సాక్ష్యాన్ని మాయం చేస్తాడేమోనని, నా చేలో ఎందుకూ పనికిరాని వంకర చెట్టు కొమ్మలు నరికి అతని చెట్టు చుట్టూ కంచె కట్టాను. పెళ్లికొడుకులా తలపాగా చుట్టుకుని పక్కన నిలబడ్డాను.

ఊరంతా చేరింది. రేంజరు ఒక రెమ్మ తుంచి చూశాడు.

"ఇది వేగిస చెట్టప్పా. రెమ్మకు ఐదారు ఆకులుండాయి చూడు. ఎర్రచందనానికైతే గుండ్రంగా మూడే ఉంటాయి. పూలు రెండిటికీ పసుపే."

"మరి నెత్తురు కారినాది కద సార్?"

"వేగిస గుణమే అది. ఇదీ తగ్గిపోతాంది, కాపాడుకోవాల్సిందే. అయితే దేశంలో శానా చోట్ల ఉండాది. ఎర్రచందనం మన కొండలు దాటితే అడవిలో ఇంకా యాడా లేదు."

అంటూ వంగి, నా కంచెకు ఇంకా అంటుకుని ఉన్న ఆకులను వేలితో లెక్కపెట్టాడు. మూడు దగ్గర ఆగిపోయాడు. కత్తితో గీరితే లోపల ఎర్రటి చేవ.

"ఈ కంచె ఎవరిదప్పా?"

"నాదే సార్. నా సొంత చెట్టు నరికి, నా చేతుల్తోనే కట్టినా," అన్నాను ఛాతీ విరుచుకుని.

ఎవరు తీసుకున్న గోతిలో వాళ్లే పడతారంటారు. నేను గొయ్యి తీసి, దానికి కంచె కూడా వేసి మరీ పడ్డాను.

"ఎముక కోసం చెట్టునే కొడ్తివి కదప్పా సుబ్బన్నా," అని ఖాసీం నవ్వి, తెలియక చేశాడు, వదిలేయండని రేంజరును బతిమాలాడు. ఆ సిఫారసు బిర్యానీ ఎముకకన్నా గట్టిగా గుచ్చుకుంది. అయినా రేంజరు వదల్లేదు, నా మీద అక్కడే కేసు రాశాడు.

ఆకులు లెక్కపెట్టకుండా ఈ జన్మలో అర్జీ పెట్టనని, ఆ వంకర చెట్టు మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పుడు లెక్కపెట్టే పెడుతున్నాను. ‘ఇది ఎర్రచందనం, సుబ్బన్నతో సహా ఎవరూ నరకరాదు’ అని నా చెట్టుకొక పలక కట్టమని. మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. నా మీద కేసు నిమిషంలో రాసిన చేతికి, పలక రాయడానికేం అడ్డమొచ్చింది? సమాధానం చెప్పండి.

ఖాసీం సాబూ, ఆ ఎముక సంగతి నువ్వు కూడా.