మా ఇంట్లో లేని మాట

మా చెల్లి నాకు పెట్టిన పేరు ముక్కు మీద వేలు. చూపుడువేలితో ముక్కు కొసను ఒక్కసారి నొక్కితే అది నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని చుట్టాలంతా అనేవారు గానీ, ఆ మాట దాని చెవిన పడే వీలు లేదు. దానిది పుట్టుచెవుడు. చిరాకు పడ్డప్పుడల్లా నా ముక్కుపుటాలు ఎగరడం చూసి తనే కనిపెట్టింది. అమ్మ పేరు నుదుటి మీద బొటనవేలు, ఎందుకంటే అమ్మ రూపాయి బిళ్లంత బొట్టు పెట్టేది. నాన్న పేరు నెత్తి మీద రెండు తట్లు, అంటే ఆయన హెల్మెట్. ఈ పేర్లు మేం దానికి నేర్పలేదు. అదే మాకు నేర్పింది.

నాన్న పోర్టులో ఖలాసీ. ఓడలోంచి సరుకు దించేటప్పుడు కింద నిలబడి, పైనున్న క్రేను డ్రైవరుకి చేతులతో సిగ్నల్ ఇవ్వడం ఆయన పని. అక్కడి మోతలో గొంతు చించుకున్నా వినపడదు. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని, అరచెయ్యి కిందకి ఆడిస్తే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని అర్థం. చెల్లికి రెండేళ్లు దాటినా పిలిస్తే తిరగడం లేదేమిటని ఆస్పత్రికి తీసుకెళ్తే, డాక్టరు అసలు సంగతి చెప్పాడు. ఇంటికొచ్చి అమ్మ గోడకి జేరబడి ఏడుస్తోంది. నాన్న మాత్రం పిల్ల ముందు గొంతుక్కూర్చుని వేలు గుండ్రంగా తిప్పాడు. రెండు మూడుసార్లు లేపి చూపించేసరికి, నాలుగోసారి అదే లేచి నిలబడింది. అరచెయ్యి కిందకి ఆడించాడు. కూర్చుంది. మా ఇంట్లో దానికి దొరికిన మొదటి మాటలు అవే.

ఇక ఆ తర్వాత పప్పు పొంగుతున్నా పిడికిలే, నేను దాని జడ లాగినా పిడికిలే. కంచరపాలెంలో మా ఇల్లు రైలు పట్టాలకు ఆనుకుని ఉండేది. బండి పోతుంటే వీధిలో అందరి మాటలూ సగంలో ఆగిపోయేవి. అమ్మా చెల్లీ మాత్రం ఆపేవారు కాదు. నాకు భలే గర్వంగా ఉండేది.

అయితే ఆ మాటలతో ఎంత దూరం పోగలం? ఇవ్వు, రా, తిను, వేడి, కుక్క, వద్దు. కళ్లెదుట ఉన్నవాటికే మాటలుండేవి. మా ఇంట్లో నిన్న లేదు, రేపు లేదు, ఎందుకు లేదు. చెల్లి ఒక్కోసారి కిటికీ దగ్గర నిలబడి తనలో తను నవ్వుకునేది. అమ్మ ప్రాణం కొట్టుకుపోయేది. “దీని మనసులో ఏటున్నాదో ఒక్కసారి తెలిస్తే సాలు, నాకింకేటీ వద్దు,” అనేది.

దానికి అయిదేళ్లప్పుడు, మద్దిలపాలెం దగ్గర ఇలాంటి పిల్లలకు మాటలు నేర్పే మేడమ్ ఉందని తెలిసి అక్కడికి తీసుకెళ్లాం. ఆవిడ మంచిదే, ఓపిక గలది. అద్దం ముందు కూర్చోబెట్టి, దాని చెయ్యి తన గొంతు మీద పెట్టించుకుని “అమ్మ” అనేది. నెలల తరబడి కష్టపడ్డాక చెల్లి ఆ మాట అననే అంది. ఆ రోజు అమ్మ బస్సులో దారిపొడుగునా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. తీరా చూస్తే, అది చెల్లికి బిస్కెట్ ఇప్పించే చప్పుడు మాత్రమే. అద్దాన్ని చూసి అనేది, మేడమ్‌ని చూసి అనేది, బిస్కెట్ల డబ్బాని చూస్తే మరీ గట్టిగా అనేది. అమ్మ కావాలంటే మాత్రం నుదుటి మీద వేలు పెట్టేది. నాకు నవ్వు తన్నుకొచ్చేది గానీ, అమ్మ మొహం చూసి దిగమింగుకునేదాన్ని.

“ఇంట్లో సైగలు పూర్తిగా మానేయండమ్మా. చేతులకు అలవాటు పడితే ఇక నోరు విప్పదు,” అంది మేడమ్. అప్పట్లో చాలామంది అలాగే నమ్మేవారు. అమ్మ ఆ మాటని వేదంలా పట్టుకుంది. చేతులు కొంగులో చుట్టుకుని కూర్చునేది. చెల్లి ఏదైనా చూపించబోతే దాని చేతులూ పట్టుకుని ఆపేది. పిల్ల కొన్నాళ్లు గింజుకుంది, తర్వాత మానేసింది. నాకు ఒళ్లు మండిపోయేది. ఇంట్లో ఉన్న నాలుగు మాటలూ తీసేసి, రాని మాట కోసం కూర్చోవడం ఏం తెలివని అరిచేదాన్ని.

ఒకరోజు చెల్లి పొద్దున్నుంచీ తిండి ముట్టకుండా మూల కూర్చుంది. “ఏటయింది, సెప్పు,” అని అమ్మ నోటితో అడుగుతూనే ఉంది. అది ఆ నోటి వంక చూస్తోంది తప్ప చేతులు ఒళ్లోంచి తియ్యడం లేదు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన నాన్న చూసి, హెల్మెట్ అయినా తియ్యకుండా దాని ముందు కూర్చుని, నొప్పి పుట్టినట్టు మొహం పెట్టి తన తల, కడుపు, పన్ను వరసగా ముట్టుకున్నాడు. చెల్లి చెవి చూపించింది. లోపలంతా చీము. వినపడని చెవి నొప్పెడుతుందని మాకెవరికీ తట్టనే లేదు.

“నోటితో సెప్పకపోతే మాన్లే. ముందు నొప్పెక్కడో సెప్పనీ,” అన్నాడు నాన్న. కొంగులో చుట్టుకున్న అమ్మ చేతులు ఆయనే విడదీశాడు.

ఈ సంగతి విని మేడమ్ నొచ్చుకోలేదు. చెవిటి పిల్లలంతా కలిసి ఉండి చేతులతోనే చదువుకునే హాస్టల్ బడి ఒకటి పక్క జిల్లాలో ఉందని ఆవిడే చెప్పింది. దానికి ఏడేళ్లు నిండాక అక్కడ చేర్చాలని నిశ్చయించుకున్నాం.

చేర్చాలని అయితే అనుకున్నాం గానీ, ఆ సంగతి దానికి చెప్పేదెలా? బట్టలు చూపించాం, సంచీ చూపించాం, బస్సు చూపించాం. నువ్వక్కడ ఉంటావు, మేం వెళ్లిపోతాం, మళ్లీ వస్తాం అన్నది ఎలా చూపించాలో ఎవరికీ తెలియలేదు. అది బీచికి అనుకుంది కాబోలు, చెప్పులేసుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడింది. బడి దగ్గర ఇక వెళ్లాల్సిన వేళ అమ్మ కాసేపు తడబడి, అరచెయ్యి కిందకి ఆడించింది. కూర్చోమని. అంతకన్నా దగ్గరి మాట మాకు లేదు. చెల్లి బుద్ధిగా గేటు పక్క మెట్టు మీద కూర్చుంది. మేం వచ్చేశాం.

పిల్ల కుదురుకునేదాకా రావొద్దని బడివాళ్లు చెప్పారు. అమ్మకి అన్నం సహించేది కాదు. “వదిలీసినామనుకుంటాది. మళ్లీ వత్తామనీసి దానికెవులు సెప్తారు?” అని రోజూ ఇదే గోల. నేను విసుక్కునేదాన్ని, కానీ ఆ మెట్టు నాకూ కళ్లలోంచి పోయేది కాదు.

దసరా సెలవులకి నాన్న వెళ్లి తీసుకొచ్చాడు. చెల్లి నన్ను వాటేసుకుంది, అమ్మ పక్కనుంచి మాత్రం చూడనట్టు వెళ్లిపోయింది. అన్నం పెడితే తల దించుకుని తింది. మర్నాడు పొద్దున అమ్మ పెరట్లో చేపలు బాగుచేస్తుంటే, వెళ్లి ఎదురుగా నిలబడి చేతులతో చెప్పడం మొదలెట్టింది. అంత వేగంగా ఆ చేతులు ఆడటం మేం ఎన్నడూ చూడలేదు. అమ్మ తెల్లమొహం వేసింది. చెల్లి కాలు నేలకేసి కొట్టి, మొద్దు పిల్లలకి చెప్పినట్టు మా ఇంటి మాటలు కలిపి మళ్లీ నెమ్మదిగా చెప్పింది. నాకు ముందు అర్థమైంది. అమ్మకి నేనే పైకి చెప్పాను.

“కూర్చోమన్నావు. కూర్చున్నాను. చీకటి పడింది. నువ్వు రాలేదు. ఎందుకు?”

ఆ ఎందుకుని అది రెండు అరచేతులూ తెరిచి, కనుబొమలు ముడిచి అడిగింది. మా ఇంట్లో ఎవరూ దానికి నేర్పని మాట.

అమ్మ చేతులు కడుక్కుంది. పడుకున్నట్టు, తెల్లారినట్టు, మళ్లీ నడిచొచ్చినట్టు ఏదేదో చూపించింది. చెల్లి కాసేపు చూసి, ఓస్ ఇంతేనా అన్నట్టు చెయ్యి ఒక్క విసురు విసిరి రేపు అనే గుర్తు చూపించింది. అమ్మ అది చేసింది. సరిగా రాలేదని చెల్లి ఆ వేళ్లు పట్టుకుని దిద్దింది. అప్పుడు అమ్మ తన సంజాయిషీ అంతా చెప్పుకుంది, దాన్ని దింపి వస్తూ బస్సులో ఏడ్చిన సంగతితో సహా. చెల్లి కోపం తగ్గలేదు. ఇన్నాళ్లదీ ఏకరువు పెట్టడం మొదలెట్టింది. ఆయా గట్టిగా జడ వేస్తుందట. సాంబారు బాగోదట. ఒక స్నేహితురాలు ఉందట, దాని పేరు బుగ్గ మీద చుక్కట.

ఆ మధ్యలోనే కొళాయి వచ్చిందని అమ్మ బిందె పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. వెనకాలే నేనూ వెళ్లాను. అమ్మ కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

“మా గుంట నన్ను తిట్టిందర్రా. పొద్దున్నుంచీ తిడతన్నాది. ఎందుకొదిలీసి ఎల్లిపోనావనీసి అడిగింది,” అంది కొళాయి దగ్గరి ఆడవాళ్లతో.

పక్కింటావిడ ఎత్తబోతున్న బిందె దించేసి, “మరి నువ్వేటన్నావు?” అంది.

“రేపొత్తాననడం అప్పుడు నాకు రాదమ్మా, ఇప్పుడే నేర్సుకున్నాను, అనీసి సెప్పినాను.”

“నమ్మిందా?”

“ఎక్కడ. ఇంకా ఉన్నాయట,” అని అమ్మ బిందె సగం నిండగానే ఎత్తుకుని, మిగతా తిట్లు వినడానికి ఇంట్లోకి వెళ్లిపోయింది.