వాగు మధ్యలో ఆగిన మా చిన్న ట్రాక్టర్

ఈ రోజు పామాయిల్ గెలలు వేసుకుని అత్తమ్మా నేనూ అశ్వారావుపేట మిల్లుకు బయలుదేరాం. వాగు మధ్యలో గేరు మారుస్తుంటే ట్రాక్టర్ ఆగిపోయింది. తాళం తిప్పితే మీటర్ లైట్లు వెలిగాయి గానీ ఇంజిన్ ఉలకలేదు. బ్యాటరీ వైర్లు కదిపి చూశాను, గట్టిగానే ఉన్నాయి. ఇంతలో నీళ్లు ఎర్రబడ్డాయి. పైన అడవిలో వాన పడ్డట్టుంది.

"నీళ్లు పెరుగుతున్నయ్. బండి పోతే పోనీ, దిగు బిడ్డా," అంది ట్రాలీలోంచి అత్తమ్మ.

"నువ్వు ఒడ్డెక్కు అత్తమ్మా, నేనొస్త."

"నిన్ను ఇడిసిపెట్టి నేనేడికి పోత?" అంటూ ఆమె నీళ్లలోకి దిగి నా పక్కకొచ్చి నిలబడింది.

క్లచ్ పూర్తిగా తొక్కితేనే ఈ బండి స్టార్ట్ అవుతుంది. ఎంత తొక్కినా పెడల్ కిందికి దిగడం లేదని అప్పుడు గమనించాను. వంగి చేయి పెడితే, దాని కింద ఒక పామాయిల్ కాయ ఇరుక్కుని ఉంది. దాన్ని పీకి పారేసి తాళం తిప్పాను. ఇంజిన్ అందుకుంది. అత్తమ్మ నా పక్కన మడ్‌గార్డు మీదికెక్కి కూర్చుంది.

ఒడ్డెక్కి వెనక్కి చూస్తే మేము వచ్చిన దారి నీళ్లలో మునిగిపోయింది. మిల్లు గేటు దాకా అత్తమ్మ నా భుజం మీద చేయి తీయలేదు. నేను కోడలిగా వచ్చిన ఇన్నేళ్లలో మేమిద్దరం అంత దగ్గరగా ఎప్పుడూ కూర్చోలేదు.

మీ బండి ఎప్పుడైనా ఇలా నడిమధ్యలో ఆగిందా? అప్పుడు మీ పక్కన ఎవరున్నారు?