విశ్వకర్మ పూజలో మోగిన సైరన్

ఆ రోజుల్లో నాకు రెండే నమ్మకాలుండేవి: కంప్యూటర్ తప్పు చేయదు, నేను అసలే చేయను. హిందీ మాట్లాడే ఫ్యాక్టరీల ఊరు ఆదిత్యపూర్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరాను. చుట్టుపక్కల వర్క్‌షాపులన్నిటికీ మేం అమ్మేది ఒకటే సాఫ్ట్‌వేర్. కానీ ఒకరికి గేట్‌పాస్ కావాలి, ఒకరికి తూకం కాటా కలపాలి, ఇంకొకరికి షిఫ్టు సైరన్ మోగాలి. ఎవరిది వాళ్ళకి విడిగా తయారుచేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, స్కూటర్ మీద తిరిగి ఎక్కించి రావడం నా పని. (ఖర్కాయి నది వంతెన మీది దుమ్మంతా నా జుట్టులోనే ఉండేది.) విసుగెత్తి, ఎవరికేం కావాలో ఒకసారి చెబితే చాలు, ప్యాకేజీ దానంతటదే తయారై వాళ్ళ కంప్యూటర్‌లోకి వెళ్ళి కూర్చునేలా ప్రోగ్రాం రాసి పారేశాను! మా బాస్ చూసి, "పనిచేస్తే ఉద్యోగం పర్మనెంట్. కస్టమర్ తిడితే నువ్వు ఇంటికి" అన్నాడు. నాకు మొదటి మాటే వినిపించింది.

ముహూర్తం, మిషన్లకి దండలేసి మొక్కే విశ్వకర్మ పూజ రోజుకి పెట్టాను. ఆ రోజు ఏ మిషనూ తిరగదు, ఎవరి పనీ ఆగదు. ఎంత తెలివి! రైల్వేలో ఫిట్టరైన నాన్న మాత్రం గయ్యిమన్నాడు.

"ఏటే, ఆ రోజు మిషను ముట్టుకోకూడదని తెల్దా? ఏటి చేత్తన్నావు?"

"మై కహా ఛూ రహీ హూ నాన్నా? అప్నే ఆప్ హోగా!" నేను ముట్టుకోను, అదే చేసుకుంటుందన్నమాట. (పెద్దలు తెలుగులో తిడితే మేం హిందీలో జవాబిచ్చేవాళ్ళం. తిట్టు సగమే తగిలేది.)

కంప్యూటర్లు ఆపొద్దని అందరికీ చెప్పి, ముందురోజే టైము పెట్టేశాను. మధ్యాహ్నానికి పూజలైపోతాయని నా లెక్క. కానీ ఆ రోజు పంతులుగారికి ఎన్ని వర్క్‌షాపులో! సైరన్ అడిగిన లేత్ షాపుకి ఆయన ఆలస్యంగా చేరారు. బంతిపూల దండ వేసిన కంప్యూటర్ ముందు హారతి ఎత్తారో లేదో, నా ప్యాకేజీ దిగి, సైరన్ సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఒక్క కూత పెట్టింది.

ఆఫీసులో నేను ప్రసాదం బూందీ తింటుంటే ఆ షాపు యజమాని చాచాజీ ఫోన్. "బిటియా, మషీన్ కిస్‌నే చలాయా?" ఎవరు నడిపారని! బాస్ నా మొహమే చూస్తున్నాడు. అయిపోయింది నా ఉద్యోగం అనుకుని, ఎవరూ నడపలేదని, అదే నడిచిందని ఉన్నమాటే చెప్పాను.

"కిసీనే నహీ చాచాజీ. అప్నే ఆప్ చలా."

చాచాజీ అవతల ఆ మాటే అందరికీ గట్టిగా చెప్పాడు. తర్వాత ఫోన్ పగిలేలా షాపంతా ఒక్కసారే అరిచింది: "బోలో విశ్వకర్మ బాబా కీ జై!"

ఉద్యోగం పర్మనెంటైంది. మరుసటి ఏడు చాలామంది "హారతి వేళకి మాకూ ఆ సైరన్" అని వెంటపడ్డారు. ఇప్పుడు ఒక్క నొక్కుతో ఎన్ని ఊళ్ళకో సాఫ్ట్‌వేర్ పంపుతున్నాను. చేరితే తెర మీద పచ్చగుర్తు వస్తుంది, అంతే, ఎవరూ కేకలు పెట్టరు. ఆ జై నాకు కాదని తెలిసి కూడా ఆ రోజు బూందీ చేత్తోనే కుర్చీలోంచి లేచి నేనూ జై కొట్టాను. ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.